నెల తప్పింది, ఏ లెక్కన?

మన భాషలో ‘నెల తప్పింది’ అంటే కడుపుతో ఉన్నదని అర్థం. నెలసరి రాకపోవడాన్నీ గర్భం నిలవడాన్నీ ఒకే మాటలో ముడివేసిన భాష మనది. అందువల్లనే కాబోలు, నాలుగు రోజులు ఆలస్యమైతే కొత్తగా పెళ్ళైన పిల్ల వైపు ఇల్లంతా ఒక తీరుగా చూస్తుంది, పెళ్ళికాని పిల్ల ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతుంది, నలభై దాటిన నాలాంటిది ఆ మాట తనది కాదనుకుని పక్కన పెట్టేస్తుంది. పోయిన దసరా రోజుల్లో మా ఇంట్లో ఇద్దరికి ఒకేసారి నెల దాటింది. ఒకరు మా తోటికోడలు, మరొకరు నేను. ఆమె ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను. ఆమె పేరు గానీ ఊరి పేరు గానీ ఇందులో ఉండవు.

నేను హనుమకొండలో ఉంటాను, బడిలో పాఠాలు చెప్తాను, వయసు 43. మా అత్తగారి ఊరు పరకాల దిక్కున ఉంది. తోటికోడలిని మా వైపు యారాలు అంటాం. మా యారాలికి 26 ఏళ్ళు, పెళ్ళై రెండేళ్ళయింది, అత్తమ్మతో ఊళ్ళోనే ఉంటుంది. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. బతుకమ్మ సెలవులకు ఊరికి వెళ్ళి, పండుగ కాగానే నేను తిరిగి వచ్చాను. వారం తర్వాత ఒక రాత్రి పదింటికి ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

“అక్కా, అత్తమ్మకు చెప్పకు. నాకు ఇంక రాలే.”

“పోయినసారి ఎప్పుడొచ్చింది?”

“వినాయకుని పండుగైనంక నాలుగొద్దులకు.”

మా వంటింటి గోడ క్యాలెండర్‌లో పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన రోజు, చీటీ కట్టాల్సిన తేదీ, వాటి మధ్య నా నెలసరికి ఒక చిన్న సున్నా, అన్నీ ఒకే పెన్నుతో ఉంటాయి. ఆమెకు ఆ అలవాటు లేదు. ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు పండుగలతోనూ అమావాస్యలతోనూ గుర్తుపెట్టుకుంటారు, అది తప్పేమీ కాదు. వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది కాబట్టి నాలుగు రోజులంటే ఆగస్టు 31. అయినా మళ్ళీ అడిగాను: “నాలుగొద్దులకు మొదలైందా, నాలుగొద్దులకు తలస్నానం చేసినవా?” మొదలైందనే చెప్పింది. ఈ ప్రశ్న ఎందుకంటే, మన ఇళ్ళలో చాలామంది నీళ్ళు పోసుకున్న రోజు నుంచి లెక్క పెడతారు. వైద్యుల లెక్కలో రక్తం కనబడిన మొదటి రోజే ఒకటో రోజు. ఈ రెండు లెక్కల మధ్య నాలుగైదు రోజుల తేడా ఉంటుంది, నెల దాటిందా లేదా అన్న సందేహమంతా సాధారణంగా ఆ నాలుగైదు రోజుల మీదే నడుస్తుంది.

ఇంకో పొరపాటు, ప్రతి నెలా అదే తేదీకి రావాలనుకోవడం. కచ్చితంగా 28 రోజులకు వచ్చే ఒక మనిషికి జనవరి 5న మొదలైతే తర్వాతది ఫిబ్రవరి 2న, ఆ తర్వాతది మార్చి 2న, మళ్ళీ మార్చి 30న వస్తుంది. ఆమె మాత్రం ‘మార్చిలో రెండుసార్లు అయిన, ఏమో జబ్బు’ అని భయపడుతుంది. నిజానికి ఆమె శరీరం గడియారంలా నడుస్తున్నది, క్యాలెండరే నెలకొక తీరుగా ఉన్నది. ఎదిగిన ఆడవాళ్ళలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలేనని చెప్తారు. ఒక మనిషికే ఒక నెల 28, మరో నెల 32 కావడం కూడా మామూలే.

ఆలస్యం అసలు ఎక్కడ జరుగుతుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. నెలసరికీ నెలసరికీ మధ్య కాలాన్ని అండం విడుదలయ్యే రోజు రెండు భాగాలుగా కోస్తుంది. విడుదల తర్వాతి భాగం దాదాపు స్థిరంగా, రెండు వారాలకు అటూ ఇటూగా ఉంటుంది. సాగేదీ కుంచించుకుపోయేదీ ముందు భాగమే. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్ళి పేరుతో వారం రోజులు నిద్ర లేకపోయినా, మనసు మీద పెద్ద బరువు పడినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా అండం విడుదల వెనక్కి జరుగుతుంది, దాని వెంటే నెలసరి కూడా జరుగుతుంది. అంటే తేదీ దాటిందని మనం కంగారుపడే నాటికి, చాలాసార్లు, ఆలస్యం జరిగిపోయి రెండు వారాలైనట్టు. ‘నేను 14వ రోజు జాగ్రత్తగానే ఉన్నాను కదా’ అనే మాటకు విలువ లేనిది కూడా ఇందుకే. ఆ నెల అండం 14వ రోజునే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. పైగా వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు, అండం మాత్రం ఒక్క రోజుకు మించి ఆగదు.

మా యారాలి విషయంలో దీనికి తోడు మరొకటి కలిసింది. ఆమె నెలసరి 30 రోజులకు వస్తుంది. ఆ లెక్కన సెప్టెంబర్ 30న, సరిగ్గా పండుగ మధ్యలో రావాలి. బతుకమ్మ దగ్గరికి దూరం కావలసి వస్తుందని ఆమె సెప్టెంబర్ 27 నుంచి దసరా దాకా, రోజుకు మూడు చొప్పున, నెలసరిని వాయిదా వేసే మాత్రలు వేసుకుంది. బతుకమ్మకు, ఇంట్లో పెళ్ళికి, గృహప్రవేశానికి, రెండేళ్ళకోసారి మేడారం జాతరకు మా దిక్కున ఈ మాత్రలు పుట్నాల్లా అమ్ముడుపోతాయి. మందు చీటీ అడిగే షాపు అరుదు. పువ్వులను పూజించే పండుగకు ముట్టు అడ్డమేమిటన్నది నాకు ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్నే, కానీ సద్దుల నాడు అత్తమ్మ ముందు నిలబడి ఆ ప్రశ్న అడిగే ధైర్యం నాకే లేనప్పుడు 26 ఏళ్ళ పిల్లను ఏమనగలను?

ఆ మాత్రల్లో ఉండేది నోరెథిస్టెరాన్. శరీరంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగ్గినప్పుడు గర్భాశయం లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే ఈ మాత్ర ఆ పొరను నిలబెడుతుంది. మాత్ర ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి మొదలవుతుంది. దీన్ని ఇలా వారం రోజులు వేసుకుంటే గర్భం రాకుండా ఆపదు, ఆ సంగతి కొనేవారికి ఎవరూ చెప్పరు. రక్తం గడ్డకట్టే సమస్య, కాలేయ జబ్బు ఉన్నవారు అసలే వేసుకోకూడదు. వేసుకునే ముందు గర్భం లేదని చూసుకోవాలి, వేసుకోవడం ఆపిన తర్వాత రాకపోతే మళ్ళీ చూసుకోవాలి.

ఆమె చూసుకోకపోలేదు. అక్టోబర్ 4న సాయంత్రం, చేను నుంచి వచ్చి చెంబెడు నీళ్ళు తాగిన తర్వాత, షాపులో కొన్న కిట్‌తో పరీక్ష చేసుకుంది. ఒక్క గీతే వచ్చింది. లేదని తేలిపోయిందనుకుంది. రెండు రోజులు చూసి షాపుకు మళ్ళీ వెళ్తే, ‘ఇవి వేసుకో, దిగుతది’ అని ఈసారి రప్పించే మాత్రలు ఇవ్వబోయాడట. ఆపడానికి ఒక మాత్ర, రప్పించడానికి ఒక మాత్ర, మధ్యలో ‘పోయిన నెల ఎప్పుడమ్మా’ అన్న ప్రశ్న లేనే లేదు. ఆమె అదృష్టవశాత్తు చేతిలో డబ్బుల్లేక వెనక్కి వచ్చింది. అత్తమ్మకు సంగతి తెలిసి ఉంటే నువ్వులు బెల్లం తినమని ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు తెలంగాణ అంతా నువ్వుల సద్ది తింటుంది, దానికే నెలసరి వచ్చేటట్లయితే ఆ మరునాడు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించేవాళ్ళు ఉండకూడదు.

ఆ మొదటి పరీక్ష ఎందుకు తప్పు చెప్పింది? కిట్ చూసేది మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను. పిండం గర్భాశయం గోడకు అంటుకున్న తర్వాతనే అది తయారవుతుంది. అండం విడుదలైన ఆరో రోజు నుంచి పన్నెండో రోజు లోపు, ఎక్కువమందికి ఎనిమిదో రోజుకూ పదో రోజుకూ మధ్య, ఇది జరుగుతుంది. అంటుకున్న మొదట్లో అది చాలా తక్కువగా ఉండి, రెండు మూడు రోజులకు ఒకసారి రెట్టింపవుతుంది. కాబట్టి ఇవాళ కనబడనిది నాలుగు రోజులకు కనబడవచ్చు. అండమే ఆలస్యంగా విడుదలైతే, తేదీ దాటిన నాలుగో రోజున కూడా కిట్‌కు అందేంత హార్మోన్ ఉండకపోవచ్చు. దానికి తోడు నీళ్ళు ఎక్కువ తాగి సాయంత్రం చేస్తే ఉన్న కాస్తా పలచబడుతుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో చేయమనేది అందుకే. ఒక్క గీత వచ్చినా నెలసరి రాకపోతే వారం ఆగి మళ్ళీ చేయాలి.

రెండో శనివారం బడికి సెలవు. ముందు రోజు సాయంత్రమే ఆమెను బస్సెక్కి రమ్మన్నాను. ఊళ్ళో ఆశ కార్యకర్త దగ్గర నిశ్చయ్ అనే గర్భ పరీక్ష కిట్ ఉచితంగా దొరుకుతుంది, కానీ ఆశమ్మ మా అత్తమ్మకు బాగా దోస్తు, అడిగితే సాయంత్రానికి వాడంతా తెలుస్తుందని ఆమె అడగలేదు. బస్టాండు పక్కన రెండు కిట్లు కొన్నాం. అక్టోబర్ 11న పొద్దున ఐదున్నరకు, ఆమె ఆ వెండి రంగు కవరును పళ్ళతో చింపబోతుంటే ఆపి కత్తెర ఇచ్చాను. లోపల తెల్లటి ప్లాస్టిక్ పట్టీ, ఒక చిన్న డ్రాపర్, తేమ పీల్చే గుళికల పొట్లం ఉన్నాయి. కాగితపు టీ కప్పులో పట్టిన మూత్రం నుంచి మూడు చుక్కలు గుండ్రటి గుంటలో వేసి, పట్టీని స్నానాల గది కిటికీ గట్టు మీద సబ్బు పెట్టె పక్కన బల్లపరుపుగా పెట్టింది. ఫోన్‌లో ఐదు నిమిషాలకు అలారం పెట్టాను. లేత గులాబీ రంగు తడి కిటికీ అద్దంలా ఉన్న ఆ గడిలో ఒక పక్క నుంచి మరో పక్కకు మెల్లగా పాకింది. ‘సి’ దగ్గర గీత గట్టిగా పడింది. గర్భం సంగతి చెప్పే ‘టి’ దగ్గర మొదట ఏమీ లేదు, తర్వాత ఉన్నదా లేదా అన్నట్టు, ఇంకాసేపటికి ఉన్నదనేటట్టు ఒక గీత తేలింది.

“అక్కా, నీకు కూడ కనబడుతుందా?”

“కనబడుతుంది.”

“సన్నగుంది గదా. సగమేనా మరి?”

“సగం కడుపు ఉండదమ్మా.”

ఆమె నవ్వింది, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. ఐదు నిమిషాల లోపల రంగుతో కనబడిన గీత ఎంత సన్నగా ఉన్నా గీతే. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనబడే రంగులేని చారకు మాత్రం అర్థం లేదు, అది తడి ఆరిన గుర్తు. ‘సి’ దగ్గర గీతే పడకపోతే ఆ కిట్ చెడిపోయినట్టు, ఇంకొకటి తెచ్చుకోవాలి.

ఆ రోజే దవాఖానకు వెళ్ళాం. వరంగల్‌లో సీకేఎం, హనుమకొండలో జీఎంహెచ్, మా వైపు కాన్పులంటే తరాలుగా జనం తలచుకునే ప్రభుత్వ ప్రసూతి దవాఖానలు. మేం ఎక్కడికి వెళ్ళామన్నది ఇక్కడ అవసరం లేదు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న చివరి నెలసరి మొదటి రోజు ఏదని. ఆగస్టు 31 అనగానే చీటీ మీద ఐదు వారాల ఆరు రోజులని రాసింది. మా యారాలు ఉలిక్కిపడింది, నెల దాటి పదకొండు రోజులే కదా అని. గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించడం వైద్యుల పద్ధతి, అందువల్ల నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు నిండినట్టు. మొత్తం 280 రోజులు. మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి మూడు నెలలు వెనక్కి వెళ్తే కాన్పు తేదీ వస్తుంది: జూన్ 7. పండుగ మాత్రల సంగతి మేమే చెప్పాం, దాచొద్దని ఆమెను దారిలోనే ఒప్పించాను. ఎన్ని, ఎన్ని రోజులు వేసుకున్నదో రాసుకుని, అంత కొద్ది రోజులకు సాధారణంగా భయపడవలసింది ఉండదని, తరువాతి స్కాన్‌లలో చూసుకుంటూ వెళ్దామని డాక్టరమ్మ చెప్పింది. ఫోలిక్ యాసిడ్ ఆ రోజు నుంచే మొదలుపెట్టించింది. బిడ్డ వెన్నుపాము నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది కాబట్టి ఈ మాత్ర గర్భానికి ముందు నుంచే వేసుకోవలసింది, రోజుకు 400 మైక్రోగ్రాములు. వాయిదా మాత్ర బదులు షాపువాడు ఇదిచ్చినా బాగుండేది.

వేవిళ్ళు లేవు కాబట్టి కడుపు కాదనుకున్నానని ఆమె అన్నది. వాంతులు చాలామందికి ఆరో వారం దగ్గర మొదలవుతాయి, కొందరికి అసలు ఉండవు. రొమ్ముల సలపరం, నడుము నొప్పి, నీరసం నెలసరి ముందూ గర్భం మొదట్లోనూ ఒకే తీరుగా ఉంటాయి, రెండు చోట్లా పనిచేసేది అదే ప్రొజెస్టెరాన్ కనుక. కొందరికి రావలసిన తేదీ దగ్గరలో కాస్త మరక కనబడి ఆగిపోతుంది, దాన్నే నెలసరి అనుకుని ఒక నెల తక్కువ లెక్క వేసుకుంటారు.

బయటికి వచ్చేముందు నేను మాటవరసకు అన్నాను, “నాకు కూడా 52 రోజులైంది మేడమ్, కానీ నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది లెండి.” నా చివరి సున్నా ఆగస్టు 20న, చవితికి వారం ముందు ఉంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “ఆపరేషన్ అయినవాళ్ళకే నేను ముందు టెస్ట్ చేయిస్తానమ్మా,” అన్నది. ట్యూబులు కట్టిన తర్వాత గర్భం రావడం అరుదు, జీవితకాలంలో దాదాపు 200 మందిలో ఒకరికి. కానీ వచ్చినప్పుడు అది గర్భాశయంలో కాక ట్యూబులోనే నిలిచే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. పదమూడేళ్ళుగా నేను ఏ నెల ఆలస్యమైనా వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నదాన్ని. ఈ సంగతి ఆపరేషన్ రోజున ఎవరైనా చెప్పారేమో, నాకు గుర్తు లేదు.

ట్యూబులో నిలిచిన గర్భం పెరిగితే ట్యూబు పగిలి లోపలే రక్తం పోతుంది. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్ళు తిరగడం, మధ్యలో రక్తం కనబడటం, వీటిలో ఏది ఉన్నా, ఆపరేషన్ అయినా కాకపోయినా, తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కిట్‌లో రెండు గీతలు ఇలాంటి గర్భానికీ వస్తాయి. గర్భం ఎక్కడ ఉన్నదో కిట్ చెప్పదు, స్కాన్ చెప్తుంది. షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే గర్భస్రావం మాత్రల్లో అసలు ప్రమాదం ఇదే. ట్యూబులో ఉన్న గర్భం మీద అవి పనిచేయవు, రక్తం పడింది కదా అని మనిషి నిశ్చింతగా ఉంటుంది. గర్భం వద్దనుకునేవారికి చట్టం దారి చూపింది. 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించిన తర్వాత, అందులో చెప్పిన కారణాల మీద, 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. గర్భనిరోధక సాధనం పనిచేయక వచ్చిన గర్భం కూడా ఆ కారణాల్లో ఒకటి, పెళ్ళికాని వారికీ అది వర్తిస్తుంది. పేరు బయటపెట్టకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఎంత తొందరగా వెళ్తే అంత తేలిక.

మిగిలిన రెండో కిట్ నాకు పనికొచ్చింది. మరునాడు పొద్దున అదే కిటికీ గట్టు మీద, ఒక్క గీత. వారం తర్వాత మళ్ళీ ఒక్క గీత. రక్త పరీక్షలో, థైరాయిడ్ ఎలా పనిచేస్తున్నదో చెప్పే నా టీఎస్‌హెచ్ 11 వచ్చింది, మామూలుగా నాలుగు నాలుగున్నర దాటకూడదు. థైరాయిడ్ మందగించినా అండం విడుదల తప్పుతుంది, నా వయసులో అది ఎలాగూ నెల విడిచి నెల తప్పడం మొదలవుతుంది. జుట్టు రాలడం, పొద్దున్నే బద్ధకం, చీర కుచ్చిళ్ళు తగ్గడం, అన్నీ బడి ఒత్తిడి ఖాతాలో రాసుకున్నాను ఇన్నాళ్ళూ. నాకులా కాక పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య ఉన్నవారికి, పాలిచ్చే తల్లులకు, గర్భం రాకుండా అంతరా ఇంజెక్షన్ తీసుకునేవారికి, అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నవారికి కూడా నెలసరి అటూ ఇటూ అవుతుంది. కారణం ఏదైనా మొదటి మెట్టు ఆ మూడు చుక్కల పరీక్షే. అది అయిన తర్వాతే థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్ల పరీక్షలు, మిగతావి. గర్భం లేకుండా మూడు నెలలు వరుసగా రాకపోతే ఇంట్లో కూర్చోకూడదు.

అక్టోబర్ చివరి వారం వానలకు మా యారాలి స్కాన్ వాయిదా పడి నవంబర్ 3న జరిగింది. నెలసరి లెక్కన ఆ రోజుకు తొమ్మిది వారాల ఒక రోజు ఉండాలి. తెర మీద ఏడు వారాల ఆరు రోజుల బిడ్డ కనబడింది, గుండె చప్పుడు ఉంది. తొమ్మిది రోజుల తేడా. పెరుగుదలలో లోపమేమోనని ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అండం ఆ నెల 23వ రోజు దగ్గర విడుదలై ఉంటుందని, తేదీ మార్చుకోవడమే తప్ప బిడ్డకు ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకుంటే అంతా కుదిరింది. అండం సెప్టెంబర్ 22న వస్తే, ఆమె సాయంత్రపు పరీక్ష చేసుకున్న అక్టోబర్ 4 నాటికి పిండం గోడకు అంటుకుని రెండు మూడు రోజులే అయి ఉంటుంది. కార్డు మీద జూన్ 7 కొట్టేసి జూన్ 16 రాశారు.

ఊరికి వెళ్ళి ఈ మార్పు అత్తమ్మకు వివరంగా చెప్పాను, అండం, వారాలు, స్కాన్ కొలత అన్నీ. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ చివరి దాకా విన్నది.

“వినాయకుని పండుగైన నాలుగొద్దులకే అన్నరు గదా. నేనైతే ఆడికెంచే లెక్కేస్త.”